ఎర్ర దారం కట్టిన గరిటె

గంట పడుతుందండీ, అంతకు మించి పట్టదు అని చెప్పి నర్సు చక్రాల మంచాన్ని లోపలికి తోసుకుపోయింది. తలుపు రెక్కలు రెండూ ఒకదాన్నొకటి తాకి, కొంచెం విడివడి, మళ్లీ తాకి ఆగాయి. ఆ సందులోంచి చివరగా కనిపించినవి చిన్నకూతురు పిట్ట పాదాలు. పాదాలు పదమూడేళ్ల పిల్లవే, వాటి పైనున్న కాళ్లు మాత్రం పదేళ్ల పిల్లవి. మాస్టారు గోడవారగా ఉన్న ఇనప బెంచీ మీద కూర్చున్నారు. గడియారంలో పదీ నలభై. స్కూల్లో మూడో పీరియడ్ మొదలై ఐదు నిమిషాలై ఉంటుంది, ఎనిమిదో తరగతి బి సెక్షను, తన బదులు ఎవరు వెళ్లి ఉంటారు, డ్రిల్లు మాస్టారే వెళ్లి ఉంటాడు, వెళ్లి బోర్డు మీద నిన్న తాను వేసిన నదుల పటం తుడిచేసి ఉంటాడు. తప్పేం కాదు, ఎవరైనా అంతే, ఏ క్లాసులో అడుగుపెట్టినా మొదట చేసే పని అదే, డస్టరు తీసుకుని వెనకటి మనిషి రాసింది తుడవడం. ఇరవై ఆరేళ్లుగా తానూ అదే చేస్తున్నారు. తుడిచేటప్పుడు ఏం రాసుందో చదవరు ఎవరూ.

చేతిలో డాక్టరమ్మ ఇచ్చిన కాగితం ఉంది. పైన ఏడు వారాల పేర్లు, పక్కన నాలుగు పూటలు, ఒక్కో గడిలో రెండేసి గీతలు. మొదటి గీత మీద ఏం తిన్నదో రాయాలి, రెండో గీత మీద దేంట్లో వండారో, దేంతో కలిపారో రాయాలి. నోట్లోకి వెళ్లిన ప్రతిదీ రాయండి మాస్టారూ, మంచినీళ్లతో సహా, అంది ఆవిడ. గోధుమ ఎక్కడి నుంచో లోపలికి వెళ్తోంది, రక్తంలో తెలిసిపోతోంది, పేగు ఎంత పాడైందో గొట్టం వేసి చూస్తే గాని చెప్పలేను అంది. మా ఇంట్లో పాపకు గోధుమ పెట్టమండీ, నేను పెట్టలేదండీ అన్నారు మాస్టారు, అన్నాక తన గొంతు తనకే వినిపించింది, హోంవర్కు చేశాను గాని పుస్తకం ఇంట్లో మర్చిపోయానండీ అని చెప్పే కుర్రాడి గొంతు. డాక్టరమ్మ తలెత్తకుండా, "మీరు పెట్టారని నేననలేదు. వెళ్తోంది అన్నాను," అంది. ఆ రెండింటికీ తేడా ఏమిటో ఆయనకు తెలుసు. గోధుమ పిట్టకు నాలుగేళ్ల కిందటి నుంచే పడదు. తింటే ఒంట్లో ఉన్నదే ఒంటి మీద తిరగబడుతుంది, దానికి మందు లేదు, జన్మంతా తినకపోవడమే మందు, రవ్వంత కూడా తినకూడదు, రవ్వంత అంటే మాట వరసకు కాదండీ నిజంగానే రవ్వంత అని అప్పుడు ఇదే డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు పక్కన భార్య ఉంది. ఆమె తల ఊపుతూ విన్నది. తాను అప్పుడు కిటికీ బయట ఏదో చూస్తున్నట్టు గుర్తు.

రాయడం కష్టమేం కాలేదు. సోమవారం పొద్దున ఏం తిన్నారు అని ఎవరైనా నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు, ఎందుకంటే పద్నాలుగు సోమవారాలుగా పొద్దున అదే తింటున్నారు. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఆమె చివరగా రాసిన వారపు కాగితం ఉంది. ఆమె దర్జీ, స్కూలు యూనిఫాంలు కుట్టేది. బట్ట కత్తిరించడానికి ముందు కొలతలు గీసుకునే గోధుమరంగు కాగితం ముక్క మీద, టేపుతో కొలిచి గళ్లు కొట్టి, వారానికి ఇరవై ఎనిమిది పూటలు రాసేది. ప్రతి ఆదివారం కొత్త కాగితం. పోయిన వారానిది చింపి చెత్తబుట్టలో వేసేది. ఆఖరిది చింపే ఆదివారం ఆమెకు రాలేదు. మాస్టారు దాన్ని చూసి ఇది టైంటేబుల్ కదా అనుకున్నారు. స్కూల్లో టైంటేబుల్ వేసేది ఆయనే, ప్రతి జూన్‌లో హాల్లో పెద్ద షీటు పరచి, మోకాళ్ల మీద కూర్చుని, పద్దెనిమిది మంది టీచర్లనీ పన్నెండు సెక్షన్లనీ ఎక్కడా ఢీకొనకుండా సర్దుతారు, ఒకసారి కుదిరాక ఏడాదంతా దాన్ని ముట్టుకోనివ్వరు. ఎవరైనా సెలవు పెడితే వాళ్ల పీరియడ్‌లోకి ఇంకొకరు వెళ్తారు, పీరియడ్ మాత్రం మారదు. అలాగే ఆమె పీరియడ్‌లోకి తాను వెళ్లారు. సోమవారం రాత్రి బంగాళదుంపలు. మంగళవారం చేప. బుధవారం నూడుల్స్ రెండు రకాలు, పెద్దవాళ్లకు మామూలువి, పిట్టకు బియ్యప్పిండివి. గురువారం సూపు, రొట్టె, పిట్టకు రొట్టె బదులు అన్నం. పెన్సిలు ఆగకుండా నడుస్తోంది. దుకాణంలో పిట్ట కోసం చేతికి తీసుకున్న ప్రతి పొట్లం మీది అక్షరాలూ ఆయన జవాబుపత్రం దిద్దినట్టు ఎర్ర పెన్ను పట్టుకుని చదివారు, గోధుమ అన్న మాట కనిపిస్తే పొట్లం వెనక్కి పెట్టేశారు. ఎక్కడ తప్పు జరిగిందో ఈ కాగితంలో దొరకాలి. దొరకడం లేదు. ఎక్కడా ఢీకొనడం లేదు.

ఆమె ఉన్నప్పుడు ఈ గళ్లు ఇంత నిశ్శబ్దంగా ఉండేవి కావు. కాగితం అతికించిన మరుక్షణం ముగ్గురూ దాని మీద పడేవాళ్లు. పెద్దది, పదిహేడేళ్లది, ఇంట్లో పేరు ప్లీడరమ్మ, ప్రాణమున్నదాని నుంచి వచ్చింది ఏదీ ముట్టనని ఏడాదిన్నర కిందట ప్రకటించింది, పాలు లేవు, గుడ్డు లేదు, చివరికి తేనె కూడా లేదు. "తేనె ఏం చేసిందే నిన్ను?" అంటే, "నన్నేం చెయ్యలేదు, తేనెటీగని అడిగావా అమ్మా నువ్వు?" అనేది. నడిమివాడు ఈతగాడు, పదిహేనేళ్లు, పూటకు నాలుగు గుడ్లు కావాలి, మాంసం కావాలి, కోచ్ చెప్పాడు, కోచ్ చెప్పాడు, అదొక్కటే మాట. ఆ కోచ్‌ని కూడా పిలుచుకురారా, ఆయన గుడ్లు ఆయన ఉడకబెట్టుకుంటూ నీవి కూడా చూస్తాడు అనేది ఆమె. ఇక పిట్ట. గోధుమ సంగతి సరే, అది రోగం. అది కాక పళ్లెంలో ఒక పదార్థం ఇంకోదాన్ని తాకకూడదు, తాకితే రెండూ ఎంగిలైనట్టే. "అవేమన్నా పగవాళ్లా, పక్కపక్కన కూర్చోబెడితే కొట్టుకుంటాయా?" అంటే, "కొట్టుకోవు, కలిసిపోతాయి. అదే నాకు నచ్చదు," అనేది పిట్ట, చాలా ఆలోచించి చెప్పినట్టు. ఒకళ్ల పళ్లెంలోకి ఇంకొకళ్లు తొంగిచూడటం, శవాన్ని తింటున్నావురా అని అక్క అనడం, నువ్వు గడ్డి తింటున్నావ్ కదా ఆవు బాధపడదా అని తమ్ముడు అనడం, మాస్టారు పేపరు అడ్డం పెట్టుకోవడం. నాలుగు నోళ్లు ఐదు వంటలు, నా బతుకు హోటలైపోయింది అని ఆమె గరిటె గిన్నె అంచుకేసి కొట్టేది. ఐదోది ఎవరిదోయ్ అని పేపరు వెనక నుంచి ఆయన అడిగారు ఒకసారి. "నాది. మీరంతా మిగిల్చినవి కలిపితే ఐదో వంట," అంది. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు, అది మాత్రం బాగా గుర్తుంది, పేపరు కదిలేంతగా నవ్వారు. ఎప్పుడైనా ఓపిక నశించి, రేపు ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి అనేది, వాళ్లు తలెత్తకుండా, ఏదైనా పర్లేదమ్మా అనేవాళ్లు, ఆమె వెంటనే, "ఏదైనా అనే వంట నాకు రాదు. పేరున్నది చెప్పండి," అనేది. ఆ మాట ఎన్నిసార్లు అన్నదో. ఇప్పుడు ఇంట్లో అందరూ ఏదైనా తింటున్నారు.

బెంచీ అవతలి కొసన ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. చేతిలో బట్టసంచీ, సంచీలో డబ్బా, డబ్బా మూత వదులుగా ఉన్నట్టుంది, ఏదో ఉడికిన కూరగాయ వాసన. ఎవరి కోసమండీ అని ఆవిడే అడిగింది. పాప అన్నారు. మా మనవడండీ, కడుపునొప్పి, ఏదీ తినడు, పొద్దున లేచిన దగ్గర నుంచీ అది వద్దు ఇది వద్దు, మా కోడలికి ప్రాణం విసిగిపోయింది అంది ఆవిడ. మీ పాపకూ అంతేనా అంది. లేదండీ, మా పిల్లలు ఏం పెట్టినా తింటారు అన్నారు మాస్టారు. అదృష్టవంతులు బాబూ మీరు అంది ఆవిడ. ఇదే మాట, ఇవే అక్షరాలు, నెల కిందట స్టాఫ్ రూములో డ్రిల్లు మాస్టారు అన్నాడు. అప్పుడు తాను కొంచెం గర్వంగా చెప్పుకున్నారు, చూడండి సార్, వాళ్లమ్మని ఎంత సతాయించేవాళ్లు, ఇప్పుడు పళ్లెంలో ఏముందో చూడకుండా తింటున్నారు, కడిగి బోర్లిస్తున్నారు, పిల్లలు ఎదిగారు. ఎదిగారు అన్న మాట అన్నారు. పెద్దది ఒక రాత్రి గుడ్డు ముక్క నోట్లో పెట్టుకుంటుంటే, మానేశావా అమ్మా నీ పథ్యం అని అడిగారు, అవసరం లేదు నాన్నా అంది, అమ్మయ్య ఒక పని తగ్గింది అనుకున్నారు. అది నమలకుండా మింగడం చూశారు. ఆ తర్వాత బాత్రూములో అది చాలాసేపు ఉండటం కూడా చూశారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఏ క్లాసైనా చీమ చిటుక్కుమనకుండా ఉంటే తాను ఏం చేసేవారు? సుద్దముక్క పక్కన పెట్టి, ఏం జరిగిందిరా, ఎవరు చెబుతారు, అని అడిగేవారు. అల్లరి చేసే క్లాసును చూసి ఏనాడూ భయపడలేదు. మాట్లాడని క్లాసులో ఏదో పగిలి ఉంటుంది, దాన్ని ఎవరో బెంచీ కింద దాచి ఉంటారు. ఆ మాత్రం తెలిసిన మనిషి తన ఇంట్లో పద్నాలుగు వారాలు పాఠం చెప్పుకుంటూ పోయాడు.

మొదటి వారంలో కాదు, రెండో వారంలో, ఈతగాడు ఒకసారి పళ్లెం పక్కకు జరిపి, అమ్మ ఇలా చెయ్యదు అన్నాడు. వాడికి అంతకు మించి ఉద్దేశం లేదు. చెయ్యదు అన్నాడు, చేసేది కాదు అనలేదు. మాస్టారు లేచి, చెయ్యి కడుక్కోవాలన్నట్టు బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పారు. నీళ్లు చాలాసేపు పోయాయి. బయటికొచ్చేసరికి పళ్లెం ఖాళీ అయింది. ముగ్గురి పళ్లేలూ ఖాళీ అయ్యాయి. ఆ నీళ్ల చప్పుడు వాళ్లకు వినపడి ఉండదని ఇన్నాళ్లూ ఎలా అనుకున్నారో. ఆమె బట్టసంచీ కూడా పెద్దావిడ ఒళ్లో ఉన్నదాని లాంటిదే, కొంచెం పెద్దది. దుకాణం కాపలాదారు మూడో రోజున తెచ్చి గుమ్మంలో ఇచ్చాడు. గురువారం సాయంత్రం ఆమె వరసలో నిలబడి ఉండగా నీరసంగా ఉందని సంచీ కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుందట, ఎండకు అలసిపోయిందేమో అనుకున్నాడట. అంతే, మళ్లీ లేవలేదు. సంచీ తీసుకుని లోపల పెట్టమన్నారు మాస్టారు. పెద్దది తీసుకుంది. వంటింటి బల్ల మీద ఒక్కొక్కటీ తీసి పెట్టింది. దాని కోసం సోయా పాలు, తమ్ముడి కోసం గుడ్లు పన్నెండు, పిట్ట కోసం బియ్యప్పిండి నూడుల్స్, ఆయన కోసం చక్కెర లేని బిస్కట్లు. ఆమెకంటూ ఏమీ లేదు. గుడ్లు పన్నెండింటిలో ఒక్కటి కూడా పగల్లేదు. అంత జాగ్రత్తగా కింద పెట్టింది అన్నమాట. పెద్దది బల్ల ముందు నిలబడి వాటిని అలా చూస్తూనే ఉంది, నాలుగు రకాల కోసం నాలుగు వస్తువులు, ఆ నాలుగూ తననే జవాబు అడుగుతున్నట్టు.

పదకొండూ ఐదు. బుధవారం రాత్రి గడి దగ్గర పెన్సిలు ఆగింది. నూడుల్స్ రెండు రకాలు, రెండు గిన్నెలు, రెండు పొయ్యిలు. ఇంతవరకూ బాగుంది. రెండో గీత మీద దేంతో కలిపారు అని ఉంది. కర్ర గరిటె అని రాశారు. ఏ కర్ర గరిటె? నాలుగు ఉన్నాయి. నాలుగూ ఒకలాగే ఉంటాయి, దేన్ని పడితే దాన్ని తీసుకుంటారు, పెద్దవాళ్ల గిన్నెలో కలిపి కడిగి, పిట్ట గిన్నెలో కలుపుతారు, శుభ్రంగా కడుగుతారు, సబ్బు పెట్టి మరీ. నాలుగూ ఒకలాగే ఉంటాయి. ఎప్పటి నుంచి ఒకలాగే ఉంటున్నాయి? కారిడార్లో నేల తుడిచే మనిషి తడిగుడ్డ పిండుతున్నాడు, బకెట్లో నీళ్లు నల్లగా ఉన్నాయి, ఆయన కాళ్లు పైకెత్తారు, గుడ్డ కాళ్ల కింద నుంచి పోయింది, ఆ తడి నేల మీద ఆయనకు ఆ ఆదివారం కనబడింది. నాలుగో వారం. పిల్లల పిన్ని నెలపాటు ఉండి, ఇక మీరే సర్దుకోవాలి బావగారూ అని వెళ్లిపోయిన మర్నాడు. వంటిల్లు ఇక తన ఒక్కరిదే అనుకుని, చొక్కా చేతులు మడిచి, ఉన్నవన్నీ కిందికి దించారు. గరిటెల కాడలకు, జల్లెడ చెవికి, కత్తి పిడికి, రెండు మూతల పిడులకు దారాలు చుట్టి ఉన్నాయి, రంగురంగులవి, నూనె పీల్చి, పొగ పట్టి, అన్నీ దాదాపు ఒకే రంగులోకి వచ్చేశాయి. ఆమె దేనికైనా దారం చుడుతుంది, తాళంచెవికి చుట్టింది, గొడుగుకు చుట్టింది, ఆయన భోజనం డబ్బాకు చుట్టింది, మిషను ముందు కూర్చున్న మనిషికి చెయ్యి ఊరుకోదు, అంతే అనుకునేవారు ఎప్పుడూ. ఆమె మిషను డబ్బాలోంచి చిన్న కత్తెర తెచ్చి ఒక్కో దారమే కత్తిరించారు. జిగటగా వచ్చాయి. ఒకటి కింద ఇంకా ఎర్రగా ఉంది, లోపలి పొర. ఎర్రగా ఉండటం చూశారు. చూసి చెత్తబుట్టలో వేశారు. తర్వాత నీళ్లు మరిగించి అన్నిటినీ అందులో వేసి, ఆరబెట్టి, పొడుగు వరసన గూట్లో నిలబెట్టారు. ఎంత బాగుందో. ఖాళీ బోర్డులా ఉంది.

పిట్ట గుమ్మంలో నిలబడి ఉంది. అదిప్పుడే గుర్తొచ్చింది, ఇప్పటిదాకా ఆ ఆదివారంలో పిట్ట లేదు. చేతిలో గ్లాసు. ఏం చేస్తున్నావ్ నాన్నా అంది. శుభ్రం చేస్తున్నానమ్మా, చూడు ఎంత మకిలి పట్టిందో అన్నారు. అది చెత్తబుట్ట వైపు చూసింది. మంచినీళ్లు కావాలా అన్నారు. వద్దు అని గ్లాసు పట్టుకుని వెళ్లిపోయింది. నీళ్లకే వచ్చింది కదా మరి.

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లి ఇంటికి ఫోన్ చేశారు. ఇవాళ కాలేజీకి వెళ్లనని, స్కూలు మానిన తమ్ముడితో కూర్చున్న పెద్దది మొదటి రింగుకే ఎత్తింది.

"నాన్నా, అయిపోయిందా? ఎలా ఉంది?"

"ఇంకా లోపలే ఉంది. నీకో మాట. అమ్మ గరిటెలకు దారాలు కట్టేది చూడు, ఎందుకు?"

"అదేంటి? ఎర్రవి పిట్టవి. వేరేవాళ్ల వాటితో కలవకూడదని. ఆకుపచ్చవి నావి. నీకు తెలుసు కదా?"

ఆయన ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నారు.

"నాన్నా. తెలుసు కదా?"

"కత్తిరించేశానమ్మా. మకిలి అనుకున్నాను."

అవతల వాడు, ఈతగాడు, ఏమైందక్కా ఏమైందే అంటున్నాడు, దూరంగా. "నేను చూడలేదు నాన్నా," అంది పెద్దది. "నేను వంటింట్లోకి రావడం మానేశాను. వస్తే ఆ బల్ల కనిపిస్తుంది." ఆగింది. "పిట్ట చూసుంటుంది. చెప్పలేదంటే తప్పు నాదే. నేనే చెప్పాను దానికి, వాడికి కూడా. నాన్న ఏం పెడితే అది తినాలి, అది కావాలి ఇది వద్దు అని ఎవరూ అనకూడదు అని. అడిగి అడిగి అమ్మని..." అక్కడ కుర్చీ జరిగిన చప్పుడైంది. "గోధుమ సంగతి కాదు నాన్నా నేనన్నది. అదేమో గోధుమకు కూడా అంతే అనుకుంది. ఒట్టు నాన్నా, గోధుమ సంగతి కాదు."

"నీ తప్పు కాదమ్మా," అన్నారు మాస్టారు. ఈ వాక్యం క్లాసులో వందసార్లు అని ఉంటారు, సిరా ఒలికినప్పుడు, కిటికీ అద్దం పగిలినప్పుడు. ఇంత చిన్న వాక్యం అని ఎప్పుడూ అనిపించలేదు. "అమ్మకు అలా అయింది కూడా మీరు అడగడం వల్ల కాదు. గుండె. డాక్టరు చెప్పాడు కదా." చెప్పాడు అంది పెద్దది. నమ్మినట్టు లేదు. ఇవాళ మధ్యాహ్నం మీరిద్దరూ ఏం తింటారు అని అడిగారు. అడిగాక జవాబు ఏమొస్తుందో తెలిసి కళ్లు మూసుకున్నారు. ఏదైనా పర్లేదు నాన్నా అంది.

మళ్లీ బెంచీ మీదికి వచ్చారు. పెద్దావిడ మనవణ్ణి ఎవరో పిలిచినట్టున్నారు, ఆవిడ లేదు, డబ్బా వాసన మాత్రం ఉంది. పదకొండూ ఇరవై. లోపల తన పిల్ల గొంతులోంచి ఒక గొట్టం కిందికి దిగుతూ ఉంటుంది, దాని చివర చిన్న దీపం ఉంటుందట, ఆ దీపం వెలుగులో పది వారాల బుధవారాలు కనిపిస్తాయి. పేగు గోడ మీద సన్నటి నూగు ఉండాలి, మఖమల్ గుడ్డ లాగా, తిన్నది ఒంటికి పట్టేది దాని వల్లే, గోధుమ తగిలితే ఆ నూగు రాలిపోయి బోడిగా అవుతుంది అని డాక్టరమ్మ బొమ్మ వేసి చూపించింది. తుడిచినట్టు అన్నమాట. నదుల పటం తుడిచినట్టు. మళ్లీ మొలుస్తుందా అంటే పిల్లలకు చాలావరకు మొలుస్తుంది, టైము పడుతుంది అంది. చాలావరకు. ఆయన ఆ మాటను పట్టుకుని కూర్చున్నారు, బస్సులో పై కమ్మీని పట్టుకున్నట్టు. అక్క పెట్టిన నియమాన్ని అంత కచ్చితంగా పాటించిందా ఆ పిల్ల? పదమూడేళ్లది, రవ్వంత అంటే రవ్వంతే అని తెలిసినది, స్నేహితుల పుట్టినరోజు కేకును చేతులు వెనక్కి పెట్టుకుని చూసి వచ్చేది, ఆ గరిటె తన గిన్నెలో తిరగడం బల్ల అవతల నుంచి చూస్తూ, తన ముందు పెట్టింది పెట్టినట్టు తింటూ, కడుపునొప్పిని లెక్కల పరీక్ష అని చెబుతూ. నాన్న కుళాయి తిప్పుతాడనా? ఒక్క కుళాయి చప్పుడుకు ఇంత ఖరీదా?

తలుపు తెరుచుకుంది. నర్సు చక్రాల మంచాన్ని పక్క గదిలోకి తోసి, తెర లాగి, మత్తు ఇంకా పూర్తిగా పోలేదండీ, మాట్లాడుతుంది గాని ముద్దగా ఉంటుంది, డాక్టరు గారు పది నిమిషాల్లో వస్తారు, ఆ కాగితం రెడీ చేసి పెట్టండి అంది. పిట్ట పక్కకు తిరిగి పడుకుని ఉంది. పెదవుల మూల ఆరిన చార. మాస్టారు స్టూలు లాక్కుని కూర్చుని, చేతిరుమాలు తడిపి ఆ చార తుడవబోయి, ఆగి, దానికే ఇచ్చారు. అది తుడుచుకోలేదు, పట్టుకుని పడుకుంది.

"గొంతు మండుతోంది."

"తగ్గిపోతుంది తల్లీ." ఇప్పుడు అడగకూడదని తెలుసు, ఇప్పుడు కాకపోతే అడగలేనని కూడా తెలుసు. "ఎర్ర దారం నేను కత్తిరిస్తుంటే చూశావు కదా."

"ఊఁ."

"అక్క చెప్పిందనా నువ్వు చెప్పలేదు?"

పిట్ట కళ్లు తెరిచి ఆయన్ని చూసింది, ఇంత పెద్దవాడివి ఈమాత్రం తెలీదా అన్నట్టు. "అక్క ఎప్పుడూ ఏదో చెప్తూనే ఉంటుంది." మింగింది. నొప్పి పుట్టి మొహం చిట్లించింది. "చెప్పేదాన్నే. సాయంత్రం చెబుదామనుకున్నా. సాయంత్రం నువ్వు దాంతో మీ సూపు కలిపేశావ్. గోధుమపిండి సూపు."

"అయితే?"

"కర్రది కదా నాన్నా. ఒకసారి తగిలితే లోపలికి పోతుంది, ఎంత కడిగినా రాదు. పిన్ని ఒకసారి తెలీక తగిలిస్తే అమ్మ కొత్తది కొనింది. ఇది ఆ కొత్తది. కొత్తది అంటే ఎప్పటిదో." మాటలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. "చెబితే పారేస్తావ్. దాని మీద అమ్మ బొటనవేలు ఉంది."

ఉంది. ఆయనకు తెలుసు. నాలుగూ ఒకలాగే ఉంటాయని ఇందాక అనుకున్నారు గాని ఒకదాని కాడ మీద అరిగి చిన్న గుంట పడి ఉంది, పట్టుకున్నప్పుడల్లా ఆయన వేలు అందులో ఇమడక జారేది, పెద్ద వేలు తనది, అడ్డదిడ్డంగా ఉంది ఈ గరిటె అని విసుక్కున్నారు కూడా. పళ్లెంలో ఒకటి ఇంకోదాన్ని తాకితే ముట్టని పిల్ల, ఆ గుంట కోసం పది వారాలు తాకినదాన్నే తిన్నది.

పారేయనమ్మా అనాలి. నోటి దాకా వచ్చింది. మాట ఎంచి మాట్లాడటం అలవాటైన నాలుక అక్కడ ఆగింది. కడిగి పెట్టెలో దాచుకుందాం అనొచ్చు, గుడ్డలో చుట్టి బీరువాలో పెడదాం అనొచ్చు. అది పెట్టెలో ఉండదని ఇద్దరికీ తెలుసు. ఎప్పుడో ఒక రోజు, ఎవరూ లేనప్పుడు, ఈ పిల్ల దాన్ని తీసి అన్నం కలుపుకుంటుంది.

"పారేయాలి పిట్టా," అన్నారు. "దాన్నీ, మిగతా మూడింటినీ. జల్లెడ, కూరలు తరిగే చెక్కపీట కూడా."

పిట్ట ఏడవలేదు. తల మాత్రం గోడవైపు తిప్పుకుంది. మెడ వెనక ఎముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. తెర అవతల ఎవరిదో మంచం చక్రాలు కిర్రుమంటూ పోయాయి, నర్సు, నిదానంగా, నిదానంగా అంటోంది. ఆయన ఒళ్లో కాగితం ఉంది, ఇరవై ఎనిమిది గళ్లు, రాయడం బుధవారం దగ్గర గరిటె అన్న మాటతో ఆగి ఉంది, ఆ కింద వచ్చే సోమవారం ఏం వండాలో ఎక్కడా రాసి లేదు. ఫ్రిజ్ మీది కాగితం కూడా తీసేయాలి. దాని మీద కూడా ఆమె చెయ్యి ఉంది. అన్నిటి మీదా ఉంది.

"నాన్నా."

"చెప్పమ్మా."

"ఇవాళ కాదు. నేను స్కూలుకి వెళ్లాక పారెయ్." గోడతో చెబుతున్నట్టు చెప్పింది. "చెత్తబుట్టలో పైన పెట్టకు, కనిపిస్తుంది. కింద పెట్టు. దాని మీద ఇంకేమన్నా వెయ్."

"అలాగే," అన్నారు మాస్టారు. "ఇంకా?"

నిద్రపోయిందనుకున్నారు.

"నూడుల్స్ వద్దు ఇంక," అంది.

ఆయన పెన్సిలు తీసుకున్నారు. ఒళ్లోని కాగితం మీదే బుధవారం గడిలో, ఆమె వేళ్లు రాయగా పద్నాలుగు వారాలుగా తన వేళ్లతో దిద్దుకుంటూ వచ్చిన నూడుల్స్ అన్న మాటను, ఒక్క గీతతో కొట్టేశారు. కొట్టేసి, ఆ పక్కన ఏమీ రాయకుండా, పిల్ల ఇంకేమన్నా అంటుందేమోనని వంగి కూర్చున్నారు.